లేహ్ చలికి మొండికేసిన పాత డీజిల్ బండి: అనుభవమున్నవారు చెప్పగలరు

లేహ్ మకాం
అందరికీ నమస్కారం. జమ్మూలో పనిచేసినన్నాళ్ళూ నడుపుకున్న 2003 నాటి టయోటా క్వాలిస్‌ను, బదిలీ మీద వస్తూ మొన్న నవంబరులో లేహ్‌కు తెచ్చుకున్నాను. రాత్రి చలి మైనస్ 10 దగ్గర ఉన్నన్నాళ్ళు కొంత సతాయించినా బండి లేచేది. ఈ వారం చలి మైనస్ 18కి దిగాక పూర్తిగా మొండికేసింది. సెల్ఫ్ తిరుగుతోంది గానీ నీరసంగా తిరుగుతోంది. నిన్న మధ్యాహ్నం ఎండ తగిలాక ఒకసారి లేచి, రెండు నిమిషాలు నడిచి, ఊపిరి అందనట్టు కొట్టుకుని ఆగిపోయింది. బ్యాటరీ కొత్తదే, ట్యాంకు నిండుగానే ఉంది. నా సందేహాలు మూడు. స్టార్ట్ చేసే ముందు ఇంజన్ లోపల వేడిపుట్టించే హీటర్ ప్లగ్గుల దీపం ఆరిన తరువాత ఇంకెంతసేపు ఆగాలి? ఇంజన్ ఆయిల్ ఏ గ్రేడు పోయించాలి? రాత్రి హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచితే తెల్లవారేసరికి వెనక చక్రాలు బిగుసుకుపోతున్నాయి, దానికేమి చేయాలి?

మాజీ హవల్దారు, విజయనగరం
తమ్ముడూ, నేను పదిహేడేళ్ళు సైన్యంలో డ్రైవరుగా చేశాను. అందులో రెండు శీతాకాలాలు ద్రాస్‌లోనే గడిచాయి. నువ్వు మైనస్ 18 అంటుంటే నాకు అది మంచి వాతావరణంలాగే వినిపిస్తోంది. అక్కడ రాత్రి కాపలాలో ఉన్నవాడు రెండు గంటలకొకసారి ప్రతి బండినీ స్టార్ట్ చేసి పావుగంట నడిపి ఆపేవాడు. ఎవడైనా నిద్రపోయి ఒక్క వంతు తప్పించాడంటే, తెల్లారాక ఆ బండిని లేపడానికి పదిమంది పట్టేవారు. అప్పటికీ లేవకపోతే సంపు (ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టె) కింద కిరసనాయిలు స్టవ్వు అరగంట పెట్టేవాళ్ళం. డీజిల్‌లో కూడా పదింట రెండు వంతులు కిరసనాయిలు కలిపేవాళ్ళం. ఈ రెండూ చేసి చూడు, తరువాత గ్రేడుల సంగతి మాట్లాడుకుందాం.

ఆటోనగర్ నాజిల్, విజయవాడ
హవల్దారుగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఇరవై యేళ్ళు దాటిన బండి కింద మంట పెట్టమని దయచేసి ఎవరికీ సలహా ఇవ్వవద్దు. ఆ వయసు బండికి సంపు చుట్టూ ఆయిలు చెమర్చి ఉంటుంది, డీజిల్ రబ్బరు గొట్టాలు ఎండి పగిలి ఉంటాయి.

నేను 32 సంవత్సరాలుగా డీజిల్ పంపులూ నాజిళ్ళూ బాగుచేస్తున్నాను. లేహ్ మకాంగారి బండిలోది 2446 సీసీ ఇన్‌డైరెక్ట్ ఇంజన్. అంటే డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. హెడ్డులో ఉండే చిన్న గదిలో పడి అక్కడ అంటుకుని కిందికి వస్తుంది. ఆ గది గోడలు చల్లగా ఉంటే, పిస్టన్ గాలిని నొక్కే కంప్రెషన్‌లో పుట్టిన వేడిని అవే తాగేస్తాయి. అందుకే ఈ ఇంజన్లకు హీటర్ ప్లగ్గులే ప్రాణం. నాలుగింటిలో రెండు కాలిపోయినా కోస్తా జిల్లాల్లో యజమానికి తెలియదు, ఎందుకంటే మిగిలిన రెండు సిలిండర్లు బండిని లేపేస్తాయి. లేహ్‌లో మాత్రం అసలు రంగు బయటపడుతుంది. పైగా లేహ్ సుమారు 3500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే, కాబట్టి కంప్రెషన్ కూడా ఆ మేరకు పలచబడుతుంది. ప్లగ్గుల పైనున్న పట్టీ విప్పి, బ్యాటరీ ప్లస్ నుంచి టెస్ట్ ల్యాంపు తీగను ఒక్కొక్క ప్లగ్గు మొనకు తాకించండి. బల్బు వెలిగితే ప్లగ్గు బతికున్నట్టు, వెలగకపోతే మార్చవలసిందే. దీపం ఆరగానే సెల్ఫ్ కొట్టకుండా తాళం తిప్పి ఆపి, మళ్ళీ తిప్పి, రెండుమూడు సార్లు వేడెక్కించాక కొట్టండి.

చింతపల్లి జీపు
మేస్త్రిగారు చెప్పింది అక్షరసత్యం. లంబసింగి దారిలో పర్యాటకులను తిప్పే పాత డీజిల్ జీపు నాది. జనవరి తెల్లవారుజామున మూడు నాలుగు డిగ్రీల చలిలో హీటరు పట్టకుండా సెల్ఫ్ కొడితే, తెల్లపొగ తప్ప ఇంజన్ రాదు. రాత్రి జీపును వాలులో నిలిపి, పొద్దున గేరులో వేసి వదిలితే సెల్ఫ్‌తో పనే ఉండదు. లేహ్‌లో వాలుకు కొదవ ఉండదు కదా.

విన్నిపెగ్ వాసి
మూడు డిగ్రీలను చలి అనే పెద్దమనిషిని ఈ చర్చలో చూసి చాలా ఆనందించాను. ఇక్కడ కెనడాలో మూడు డిగ్రీలుంటే మేము స్వెట్టరు విప్పి తిరుగుతాము.

నా దగ్గర 2002 నాటి జెట్టా టీడీఐ డీజిల్ కారు ఉంది. మైనస్ 35లో కూడా లేచింది, అదీ ఇంజన్ బ్లాకుకు బిగించిన కరెంటు హీటరు పుణ్యాన. ఆ హీటరు కూలెంటును వేడిచేస్తుంది. కారు ముందు గ్రిల్లులోంచి ప్లగ్గు వేలాడుతుంటుంది. చాలా పార్కింగు స్థలాల్లో స్తంభానికి కరెంటు సాకెట్టు ఉంటుంది. రాత్రంతా పెట్టనక్కరలేదు, టైమరు పెట్టి బయలుదేరే ముందు మూడు గంటలు చాలు. ఆయిలు మాత్రం 5డబ్ల్యూ-40 సింథటిక్ వేయించండి. 15డబ్ల్యూ-40 రకం మైనస్ 20 దగ్గరే సెల్ఫ్‌కు భారమవుతుంది. 5డబ్ల్యూ మైనస్ 30 దాకా తట్టుకుంటుంది. కొత్త బ్యాటరీ అని కూడా మురిసిపోకండి, మైనస్ 18 దగ్గర ఎంత కొత్త బ్యాటరీ అయినా దాదాపు సగం బలంతోనే పనిచేస్తుంది.

ఆటోనగర్ నాజిల్, విజయవాడ
చింతపల్లి ఆయనను వెక్కిరించే ముందు ఒక విషయం తెలుసుకోవాలి. ఇన్‌డైరెక్ట్ ఇంజన్‌కు మూడు డిగ్రీలేమిటి, ఇరవై డిగ్రీల్లో కూడా చల్లారిన తరువాత హీటరు కావాలి. మీ జెట్టాది డైరెక్ట్ ఇంజన్ కాబట్టి మీకు ఆ బాధ తెలియదు. ఆయన చెప్పింది తన బండికి పూర్తిగా నిజం.

క్వారీ కంప్రెసర్, చీమకుర్తి
ఇంత పురాణం అవసరమా? స్టార్టింగ్ స్ప్రే డబ్బా ఒకటి కొని ఎయిర్ ఫిల్టరు గొట్టంలో రెండు సెకన్లు కొట్టండి, చచ్చిన ఇంజనైనా లేస్తుంది. మా క్వారీలో కంప్రెసర్లను పదేళ్ళుగా అలాగే లేపుతున్నాము, ఇంతవరకు ఒక్క ఇంజనూ పోలేదు.

ఆటోనగర్ నాజిల్, విజయవాడ
దయచేసి ఆ పని చేయవద్దు. ఆ డబ్బాలో ఉండేది ఈథర్. ఎర్రగా కాలుతున్న హీటర్ ప్లగ్గు ఉన్న ఇంజన్‌లోకి దానిని కొట్టడమంటే, పిస్టన్ ఇంకా పైకి రాకముందే పేలుడు జరిపించడమే. నా షెడ్డుకు అలా వచ్చిన ఒక బండిలో రెండు పిస్టన్ల మీద రింగులను పట్టి ఉంచే గట్లు ముక్కలై సంపులో దొరికాయి. యజమాని కూడా మీలాగే "ఇంతవరకు ఏమీ కాలేదు" అన్నాడు.

క్వారీ కంప్రెసర్, చీమకుర్తి
మీ షెడ్డుకు పాడైన బండ్లే వస్తాయి, బాగున్నవి రావు కాబట్టి మీకు ప్రతిదీ ప్రమాదంగానే కనిపిస్తుంది. మా కంప్రెసర్ల తయారీదారు ఇచ్చిన పుస్తకంలోనే స్ప్రే వాడవచ్చని రాసి ఉంది. పుస్తకం చదవనివారు మేస్త్రీలైపోతే ఇలాగే ఉంటుంది.

ఆటోనగర్ నాజిల్, విజయవాడ
మీ కంప్రెసర్‌లో హీటర్ ప్లగ్గులున్నాయా? లేవు. ప్లగ్గులు లేని డైరెక్ట్ ఇంజన్‌లో కొద్దిగా కొడితే నేనూ కాదనను. ఇక్కడ అడిగింది క్వాలిస్ గురించి. ఆ బండి పుస్తకం మీరు చదివారా? నేను చదివే మేస్త్రీనయ్యాను, మీ సర్టిఫికెట్టు నాకు అక్కరలేదు.

మాజీ హవల్దారు, విజయనగరం
ఇద్దరూ శాంతించండి. నా స్టవ్వే నయం, కనీసం పిస్టన్లు ముక్కలు కావు.

విన్నిపెగ్ వాసి
బండి మొత్తం కాలిపోతే పిస్టన్లు ముక్కలైనా కాకపోయినా ఒకటే కదండీ.

విశ్రాంత ల్యాబు, విశాఖపట్నం
ఒక చమురు శుద్ధి కర్మాగారపు ప్రయోగశాలలో ఉద్యోగజీవితమంతా గడిపినవాడిని కాబట్టి, ఇంతమంది ఇన్ని మాటలాడినా ఒక్కరూ అడగని ప్రశ్న నేను అడుగుతున్నాను. లేహ్ మకాంగారూ, ఆ నిండు ట్యాంకులోని డీజిల్ మీరు ఎక్కడ పోయించుకున్నారు?

ఎందుకు అడుగుతున్నానంటే, మీరు మొదటి రోజునే ఇచ్చిన ఆనవాలును అందరూ దాటవేశారు. లేచి రెండు నిమిషాలు నడిచి ఆగిన ఇంజన్‌కు అంటుకునే వేడి చాలకపోవడం ఒక్కటే కారణం కాదు, దానికి తిండి అందడం లేదు. డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. మన ఇళ్ళలో జనవరిలో కొబ్బరినూనె సీసా ఎలా పేరుకుంటుందో, చలి ముదిరితే డీజిల్‌లోని మైనమూ అలాగే పేరుకుని ఫిల్టరు కాగితాన్ని కప్పేస్తుంది. దేశంలో మామూలుగా అమ్మే డీజిల్‌కు ఉన్న ప్రమాణం ప్రకారం, ఫిల్టరు మూసుకుపోయే ఉష్ణోగ్రత వేసవిలో 18 డిగ్రీలకు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 6 డిగ్రీలకు మించకూడదు. ఆ 6 అనేది సున్నాకు పైనున్న 6 అని గమనించగలరు. వాస్తవంలో అంతకంటే మెరుగ్గానే ఉండవచ్చు గానీ, మైనస్ 18లో పారుతుందని ఆ ప్రమాణం ఎవరికీ హామీ ఇవ్వదు. లద్దాఖ్ కోసం ప్రత్యేకంగా పానిపట్ రిఫైనరీలో తయారైన శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో ప్రవేశపెట్టింది. అది మైనస్ 33 దాకా పారే గుణాన్ని కోల్పోదు.

నా మాట నమ్మనక్కరలేదు. మీ ట్యాంకులోని డీజిల్‌ను ఒక గాజుసీసాలో పోసి, రాత్రి కిటికీ బయట పెట్టి, తెల్లవారాక వంచి చూడండి.

లేహ్ మకాం
అయ్యా, జమ్మూలోనే నింపించాను. అక్కడ ధర కొంచెం తక్కువని రెండు క్యాన్లు కూడా తెచ్చుకుని, అదే పోసుకుంటూ వచ్చాను. గదిలో బుఖారీకి (గది వేడిచేసే పొయ్యి) అవతలి మూలన పెట్టిన క్యాన్లలో డీజిల్ నిర్మలంగానే ఉండటం వల్ల నాకు అనుమానమే రాలేదు. ఈ రాత్రి సీసా బయట పెడతాను.

మాజీ హవల్దారు, విజయనగరం
బుఖారీ మండే గదిలో డీజిల్ క్యాన్లా? నా స్టవ్వు గురించి అంత గొడవ చేసినవారు దీని గురించి ఒక్క మాట అనరేమి? ముందు వాటిని బయట పెట్టు తమ్ముడూ. ఎలాగూ అందులో ఇంకొంచెం కిరసనాయిలు కలిపితే సరిపోతుంది.

విశ్రాంత ల్యాబు, విశాఖపట్నం
సరిపోదండీ. కిరసనాయిలు గానీ, డీజిల్ పేరుకోకుండా కలపడానికి బజారులో దొరికే చలి మందు గానీ మైనం పేరుకోకముందే కలపాలి. పేరుకున్నాక పోస్తే పేరిన నెయ్యిలో నీళ్ళు పోసినట్టే. కొన్ని పాత యూరపు కార్ల పుస్తకాలలో కిరసనాయిలు కలపమని ఉన్నమాట నిజమే. అయితే ఈ బండిలో ఇంజన్‌కు డీజిల్ అందించే రోటరీ పంపుకు డీజిలే కందెన, కిరసనాయిలుకు ఆ జిగురు తక్కువ. రేషను కిరసనాయిలు డీజిల్‌లో కలపడం నేరమన్నది వేరే సంగతి.

మ్యూనిక్ కోడలు
మా మామగారి పాత డీజిల్ కారుతో నాకూ ఇదే అనుభవమైంది. జర్మనీలో నవంబరు 16 నుంచి ఫిబ్రవరి చివరిదాకా అమ్మే డీజిల్ మైనస్ 20కి తట్టుకోవాలన్నది నియమం. ఆయన సెప్టెంబరులో ట్యాంకు నింపి కారును కదపకుండా ఉంచారు. జనవరిలో మేము బ్యాటరీ మార్చాము, ప్లగ్గులు మార్చాము, చివరికి తేలినది సెప్టెంబరు డీజిల్. ఫిల్టరు అడుగున చేరిన నీరు కూడా గడ్డకట్టి ఉంటుంది, చూసుకోండి.

లేహ్ మకాం
సీసా ఫలితం చెబుతున్నాను. తెల్లవారేసరికి డీజిల్ చిక్కని గంజిలాగా, అడుగున పేరిన నెయ్యిలాగా ఉంది. సీసాను వంచితే ముద్దగా జారింది. పక్కన ఒక టాక్సీ డ్రైవరు ఇచ్చిన స్థానిక డీజిల్ సీసా మాత్రం నీళ్ళలా కదిలింది. బండిని తాడుకట్టి లాగించి, వేడి ఉన్న ఒక గ్యారేజీలో రాత్రంతా ఉంచాను. ట్యాంకు ఖాళీ చేయించి, స్థానిక డీజిల్ పోయించి, ఫిల్టరు కొత్తది వేయించి డీజిల్ గొట్టాల్లో చేరిన ఎయిర్ తీయించాను. పాత ఫిల్టరు కోసి చూస్తే లోపల తెల్లటి మైనం పూత ఉంది. పనిలో పనిగా టెస్ట్ ల్యాంపు కూడా పెట్టించాను. రెండో ప్లగ్గూ నాలుగో ప్లగ్గూ కాలిపోయి ఉన్నాయి, మార్పించాను. ఈ ఉదయం మైనస్ 19లో, ఆరుబయట, రెండోసారి కొట్టిన సెల్ఫ్‌కే లేచింది.

ఆటోనగర్ నాజిల్, విజయవాడ
రెండు ప్లగ్గులు పోయాయని చూడకుండానే చెప్పాను. గమనించగలరు.

విశ్రాంత ల్యాబు, విశాఖపట్నం
మీ మాట విని నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేసినా, ఆ గంజి తాగి ఇంజన్ నడిచేది కాదని కూడా గమనించగలరు.

విన్నిపెగ్ వాసి
మరి ఆయిలు మార్చారా? ఆ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు.

లేహ్ మకాం
5డబ్ల్యూ-40 వేయించాను, సెల్ఫ్ వేగంలో తేడా చెవికే తెలుస్తోంది. మీ అందరికీ కృతజ్ఞతలు. కానీ హ్యాండ్‌బ్రేకు సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఈ ఉదయం ఇంజన్ లేచింది గానీ, వెనక చక్రాలు తిరగక మరో అరగంట అక్కడే నిలబడ్డాను.

చింతపల్లి జీపు
తడి బండిని చలిలో నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయకండి సార్. గేరులో ఉంచి, చక్రాల కింద రెండు రాళ్ళు పెట్టండి. వాలులో నిలపమని ముందు చెప్పాను కదా, అలా నిలిపితే రాళ్ళు కొంచెం పెద్దవి పెట్టండి.