కెనడాలోని ఒంటారియోలో ఉద్యోగం తీసేశారు, శుక్రవారంలోగా రిలీజ్ మీద సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయాలి?

కందిపొడి (ప్రశ్న):
నమస్తే అండి. మిస్సిసాగాలో ఒక ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీ. సర్వీసు 6 ఏళ్ల 4 నెలలు, వయసు 47, జీతం ఏడాదికి 1,04,000 డాలర్లు, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది. సోమవారం మీటింగుకు పిలిచి పోస్టు తీసేశామన్నారు. 14 వారాల జీతం ఇస్తారట, కానీ శుక్రవారం సాయంత్రం 5 లోగా రిలీజ్ (ఇక కంపెనీ మీద దావా వేయనని రాసిచ్చే పత్రం) మీద సంతకం పెట్టాలట. పెట్టకపోతే పైసా రాదని హెచ్‌ఆర్ మాట. పెట్టేయమంటారా? ఆగితే ఉన్నదీ పోతుందా?

ఉల్లిపెసరట్టు:
పెట్టకండి, కనీసం ఈ వారం. ఉన్నది పోదు. ఆ 14 వారాల్లో చాలా భాగం సంతకంతో పనిలేకుండానే మీకు రావాలి.

లెక్క చూడండి. మీ వారం జీతం 2,000. ఒంటారియో ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం 6 ఏళ్లు దాటి 7 నిండకపోతే టెర్మినేషన్ పే (నోటీసుకు బదులిచ్చే జీతం) 6 వారాలు, అంటే 12,000. (ఏడాదికో వారం చొప్పున పెరిగి 8 దగ్గర ఆగిపోతుంది.) సెవరెన్స్ పే (ఏళ్ల సర్వీసుకు ఇచ్చే పరిహారం) వేరు. 5 ఏళ్ల సర్వీసు ఉండి, కంపెనీ జీతాల ఖర్చు ఏడాదికి 25 లక్షల డాలర్లకు తగ్గకపోతే అది వస్తుంది, గరిష్ఠం 26 వారాలు. దీనికి నిండిన నెలలు కూడా లెక్కలోకొస్తాయి: 6.33 వారాలు, సుమారు 12,667. రెండూ కలిపితే 24,667. వాళ్లు ఇస్తానన్నది 28,000. అంటే మీ సంతకానికి వాళ్లు కట్టిన ధర దాదాపు 3,333 డాలర్లు. అంతే.

చట్టం ఇచ్చే కనీసానికి రిలీజ్‌తో ముడిపెట్టే హక్కు కంపెనీకి లేదు. ఉద్యోగం ముగిసిన 7 రోజుల్లో గానీ, తర్వాతి జీతం రోజున గానీ, ఏది ఆలస్యమైతే ఆలోగా చెల్లించాల్సిందే. ఇన్సూరెన్స్ బెనిఫిట్స్ కూడా ఆ 6 వారాలూ నడవాలి. లెటర్లో నిన్నటితోనే ఆపేశామని ఉందేమో చూడండి, చాలాచోట్ల తప్పు అక్కడే దొర్లుతుంది.

కందిపొడి:
కంపెనీకి కెనడాలో ఉన్నది ముప్ఫై మందే అండి, మిగతావాళ్లు బయటి దేశాల్లో. 25 లక్షలు దాటకపోవచ్చు.

ఉల్లిపెసరట్టు:
ఆ సాకు ఇప్పుడు చెల్లదు. కెనడా జీతాలే కాదు, ప్రపంచవ్యాప్తంగా ఉన్న జీతాల ఖర్చంతా లెక్కించాలని 2021లో ఒంటారియో డివిజనల్ కోర్టు చెప్పింది. అయినా మీ స్థాయి జీతాలకు ముప్ఫై మందితోనే ఆ గీత దాటుతుంది.

చింతచిగురు:
అసలు సంగతి వేరే చోట ఉంది. ఆఫర్ రోజున సంతకం పెట్టిన కాంట్రాక్టు తీయండి. అందులో టెర్మినేషన్ క్లాజు చెల్లకపోతే మీకు రావాల్సింది చట్టం ఇచ్చే కనీసం కాదు, కామన్ లా (కోర్టు తీర్పులతో ఏర్పడిన చట్టం) ప్రకారం 'రీజనబుల్ నోటీసు', అంటే కోర్టు సమంజసమనుకున్నన్ని నెలల జీతం.

క్లాజు ఎక్కువగా ఎందుకు చెల్లదంటే: 'జస్ట్ కాజ్ (తగిన కారణం) ఉంటే నోటీసు లేకుండా తీసేయవచ్చు' అని రాస్తారు. చట్టం మాత్రం కావాలని చేసిన తీవ్రమైన తప్పుకే నోటీసు ఎగ్గొట్టనిస్తుంది. పని సరిగా రాకపోవడం అందులోకి రాదు. ఆ ఒక్క వాక్యం చట్టానికి అడ్డుపడితే టెర్మినేషన్ క్లాజులన్నీ కలిపి కొట్టుకుపోతాయని 2020లో వాక్స్‌డేల్ వర్సెస్ స్వెగాన్ కేసులో ఒంటారియో అప్పీల్ కోర్టు తేల్చింది. మిమ్మల్ని తీసేసింది ఏ తప్పూ లేకుండానే అయినా సరే, ఆ వాక్యం కాగితం మీద ఉంటే చాలు.

కందిపొడి:
సరిగ్గా ఆ మాటే ఉందండి: 'కాజ్ ఉంటే నోటీసు గానీ పరిహారం గానీ లేకుండా'. అయితే ఎంత వస్తుంది? ఏడాదికి ఒక నెల అంటారు కదా?

చింతచిగురు:
ఆ 'ఏడాదికి నెల' సూత్రాన్ని అప్పీల్ కోర్టు 1999లోనే కాదంది. 1960 నాటి బార్డల్ కేసు నుంచి కోర్టులు చూసేవి నాలుగు: వయసు, సర్వీసు, ఉద్యోగం స్వభావం, అలాంటి పని మళ్లీ దొరికే అవకాశం. మీకు 6 నెలలనుకుందాం, ఇది ఉదాహరణే: 52,000 అవుతుంది. అయితే చట్టం ఇచ్చే 24,667 అందులో కలిసే ఉంటుంది, పైన అదనం కాదు. కొత్త ఉద్యోగం త్వరగా దొరికితే ఆ జీతాన్ని పై మొత్తంలోంచి తగ్గిస్తారు. చట్టపు కనీసాన్ని మాత్రం ముట్టుకోరు. కాబట్టి వెతకడం ఆపకండి, ఎక్కడెక్కడ అప్లై చేశారో తేదీలతో రాసుకోండి. వెతకలేదని వాదించడం కంపెనీ లాయరు మొదటి ఎత్తు.

వేపపువ్వు:
ఒక ఉచ్చు చెప్పాలి. కోపంలో కార్మికశాఖలో టెర్మినేషన్ పే క్లెయిము వేయకండి. వేశాక 2 వారాల్లో వెనక్కి తీసుకోకపోతే రాంగ్‌ఫుల్ డిస్మిసల్ (సరైన నోటీసు ఇవ్వకుండా తీసేశారని వేసే) దావా దారి మూసుకుపోతుంది. పై ఉదాహరణలో 52,000లోంచి 24,667 పోతే మీ తేడా 27 వేలు కాబట్టి స్మాల్ క్లెయిమ్స్ కోర్టు (చిన్న మొత్తాల దావాల కోర్టు) సరిపోతుంది. 2025 అక్టోబర్ 1 నుంచి అక్కడి పరిమితి 35,000 నుంచి 50,000కు పెరిగింది. దావాకు గడువు 2 ఏళ్లు, కాబట్టి శుక్రవారం అనేది వాళ్ల గడువే తప్ప చట్టానిది కాదు. ఈఐకి (నిరుద్యోగ బీమాకి) మాత్రం చివరి పనిరోజు నుంచి 4 వారాల్లోపు అప్లై చేయండి. రికార్డ్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్ (కంపెనీ ఇచ్చే సర్వీసు పత్రం) రాలేదని ఆగొద్దు.

చదివే మిగతావాళ్లకు: బ్యాంకు, టెలికాం, ఎయిర్‌లైన్స్ ఉద్యోగులైతే ఈ లెక్కలు మీవి కావు. మీకు వర్తించేది కెనడా లేబర్ కోడ్. అన్యాయంగా తీసేశారని ఫిర్యాదు చేయడానికి 90 రోజులే గడువు. బ్యాంకులో కూర్చున్నా జీతం కన్సల్టెన్సీ ఇస్తుంటే మాత్రం సాధారణంగా ఒంటారియో చట్టమే.

గోంగూర:
సొంత కార్పొరేషన్ పెట్టుకుని గంటకు 75కి పనిచేసేవాళ్ల సంగతి?

వేపపువ్వు:
2023 జనవరి 1 నుంచి గంటకు 60 డాలర్లు, ఆపైన తీసుకునే ఐటీ కన్సల్టెంట్లు, మిగతా షరతులూ కుదిరితే, ఒంటారియో ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ చట్టం బయటే. కానీ ఏళ్ల తరబడి ఒకే క్లయింటు మీద బతికితే కోర్టు 'డిపెండెంట్ కాంట్రాక్టర్'గా (ఒకరి మీదే ఆధారపడ్డ, దాదాపు ఉద్యోగిలాంటి కాంట్రాక్టరుగా) చూసి రీజనబుల్ నోటీసు ఇప్పించవచ్చు. ఇన్వాయిసులన్నీ దాచుకోండి.

కందిపొడి:
చాలా థ్యాంక్సండి. హెచ్‌ఆర్‌కు ఇప్పుడు ఏమని రాయను?

ఉల్లిపెసరట్టు:
నాలుగు ముక్కలు చాలు, కోపం వద్దు. లెటర్ అందిందనండి. లాయరుకు చూపించడానికి 2 వారాల గడువు అడగండి. చట్టప్రకారం రావాల్సిన టెర్మినేషన్ పే, సెవరెన్స్ పే, మిగిలిన వెకేషన్ పే గడువులోగా వేయమనండి. ల్యాప్‌టాప్ ఎప్పుడు, ఎక్కడ ఇవ్వాలో అడగండి. వాక్స్‌డేల్ మాట ఎత్తకండి, అది లాయరు రాసే ఉత్తరంలో ఉండాల్సింది. ల్యాప్‌టాప్ ఇచ్చేముందు కంపెనీ ఫైళ్లేవీ కాపీ చేయొద్దు. కాంట్రాక్టు, బోనస్ లెటర్లు, పే స్టబ్‌లు మీ సొంత మెయిల్లో లేకపోతే వాటి కాపీలు కూడా ఇదే మెయిల్లో అడగండి.