"హెచ్చరిక పుత్రుడు": బర్నబా చేసింది హెచ్చరికేనా?

ప్రశ్న:

అపొస్తలుల కార్యములు 4:36లో బర్నబా అనే పేరుకు "హెచ్చరిక పుత్రుడు" అని అర్థం చెప్పారు. హెబ్రీయులకు 10:25లో విశ్వాసులు కూడుకొని "ఒకనినొకడు హెచ్చరించుచు" ఉండాలని ఉంది. ఈ రెండో వాక్యం మా గృహ కూడికలో తరచుగా వినిపిస్తోంది. ఉద్యోగం పోయి, ఇంటి అద్దె కట్టలేక కుంగిపోయిన ఒక తమ్ముడు తన ప్రార్థన అవసరత చెప్పుకున్నాడు. పెద్దలు "నీ విశ్వాసంలోనే లోపం ఉంది, సరిచూసుకో" అన్నారు. ఇదేమిటని అడిగితే, హెచ్చరించమని వాక్యమే చెబుతోందన్నారు. తుపాను హెచ్చరికలో ఉన్న అర్థమే ఇక్కడా ఉందా? గ్రీకు గానీ పాత తెలుగు గానీ తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:

ఆ అర్థం కాదండీ. ఆ తమ్ముడి సంగతి చదివి మనసు కష్టపడింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రెండు చోట్లా మూలంలో ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన గ్రీకు మాట. నామవాచకం పరాక్లేసిస్, క్రియ పరకలేయో. "పక్కన", "పిలుచు" అనే ముక్కలతో ఏర్పడింది. ఈ ఒక్క క్రియను మన తెలుగు అనువాదకులు సందర్భాన్ని బట్టి ఎన్ని రకాలుగా పలికించారో చూడండి. మత్తయి 5:4లో "దుఃఖపడువారు ధన్యులు, వారు ఓదార్చబడుదురు." రోమీయులకు 12:1లో పౌలు "బతిమాలుకొనుచున్నాను" అంటాడు. రెండో కొరింథీ మొదటి అధ్యాయంలో అదే "ఆదరించు" అయింది. యోహాను 14:16లోని "ఆదరణకర్త" కూడా ఈ కుటుంబంలోని మాటే. బర్నబా దగ్గర, హెబ్రీ పత్రికలో "హెచ్చరిక" అన్నారు. ఓదార్చడం, బతిమాలడం, ఆదరించడం ఉన్న వరుసలో దీన్ని బెదిరింపుగా చదవడం న్యాయం కాదు.

గ్రీకు వద్దనుకుంటే తెలుగు బైబిలే సాక్ష్యం చెబుతుంది. బర్నబా అంతియొకయకు వెళ్ళినప్పటి మాట, అపొస్తలుల కార్యములు 11:23: "అతడు వచ్చి దేవుని కృపను చూచి సంతోషించి, ప్రభువును స్థిరహృదయముతో హత్తుకొనవలెనని అందరిని హెచ్చరించెను." సంతోషించినవాడు వెంటనే తప్పులు ఎత్తి చూపుతాడా? అక్కడివారు కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు. పట్టు వదలకండి అని వారికి ధైర్యం నూరిపోశాడు.

అతని జీవితమంతా అలాగే నడిచింది. అంతకుముందు విశ్వాసులను హింసించిన సౌలును (ఇతడే తర్వాత పౌలు) యెరూషలేములో చూసి శిష్యులందరూ భయపడుతుంటే, చేరదీసి అపొస్తలుల దగ్గరకు తీసుకువెళ్ళినవాడు బర్నబా. పంఫూలియలో పని విడిచి వెళ్ళిపోయిన మార్కును మళ్ళీ వెంట తీసుకుపోవడానికి పౌలు ఒప్పుకోలేదు. ఆ విషయంలో పౌలుతో తీవ్రమైన వాదమే వచ్చినా బర్నబా వెనక్కి తగ్గలేదు, మార్కును తీసుకొని కుప్రకు ఓడ ఎక్కాడు. తర్వాతి కాలంలో ఆ మార్కునే వెంటబెట్టుకొని రమ్మని పౌలు తిమోతికి రాశాడు. ఓడిపోయినవాడి పక్కన నిలబడిన మనిషికి అపొస్తలులు పెట్టిన పేరు అది.

రెండో సమాధానం:

తెలుగు వైపు నుంచి ఒక మాట. హెచ్చరిక, ఎచ్చరిక ఒకటే. కన్నడంలో "ఎచ్చర" అంటే మెలకువ. నిద్ర లేవడాన్ని "ఎచ్చరవాయితు" అంటారు. త్యాగరాజస్వామి యదుకుల కాంభోజిలో "హెచ్చరికగా రారా" అని రాముణ్ణి పిలిచారు. అందులో గద్దింపు ఎక్కడుంది? స్వామీ, జాగ్రత్తగా, పదిలంగా రమ్మని ఆహ్వానం. వాతావరణ శాఖ, పోలీసు ప్రకటనలు వినీ వినీ మనకు ఈ మాటలో అపాయం ఒక్కటే మిగిలింది. సొమ్మసిల్లినవాడికి మెలకువ తెప్పించడం కూడా ఎచ్చరికే అనుకుంటే హెబ్రీ పత్రిక వాక్యం చక్కగా అమరుతుందని నా అభిప్రాయం.

మూడో సమాధానం:

నేను భాషా పండితురాలిని కాను. మా నాన్నగారు పోయినప్పుడు మా సంఘం వారు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. ఎవరు ఏ వాక్యం చదివారో ఇప్పుడు గుర్తులేదు. కొన్నేళ్ళ ముందే భర్తను పోగొట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చి అమ్మ చేయి పట్టుకొని కూర్చుంది, ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది. రెండో కొరింథీ 1:4లో, దేవుడు మనల్ని ఏ ఆదరణతో ఆదరిస్తున్నాడో ఆ ఆదరణతోనే శ్రమలో ఉన్న ఇతరులను ఆదరించాలని ఉంది కదా, ఆ వాక్యం నాకు ఆవిడ వల్లే అర్థమైంది. ఆ శ్రమ దాటి వచ్చిన మనిషి మాటకు ఉండే బలం వేరు.

నాలుగో సమాధానం:

అందరూ మెత్తని వైపే చెబుతున్నారు. అదే హెబ్రీ పత్రికలో 3:13 చూడండి: "ప్రతిదినమును ఒకనికొకడు బుద్ధి చెప్పుకొనుడి." అక్కడ కూడా మూలంలో పరకలేయోనే. పాపం వల్ల మనసు కఠినం కాకుండా చూసుకోమని సందర్భం. కాబట్టి ఈ మాటలో మందలింపు బొత్తిగా లేదనలేం.

మొదటి సమాధానం రాసినవారు:

నిజమే, ఒప్పుకుంటాను. తట్టి లేపే పదును ఆ మాటలో ఉంది. కానీ ఎవరితో మాట్లాడుతున్నామన్నది చూడాలి. హెబ్రీ 3:13 మనసు కఠినమయ్యే ప్రమాదంలో ఉన్నవారికి. అద్దె కట్టలేక నిద్రపట్టనివాడి మనసు కఠినమైందా, నలిగిందా?

పౌలు దీన్ని మొదటి థెస్సలొనీక 5:14లో విడదీసి చెప్పాడు. "అక్రమముగా నడుచుకొను వారికి బుద్ధి చెప్పుడి, ధైర్యము చెడినవారిని ధైర్యపరచుడి, బలహీనులకు ఊత నియ్యుడి." మూడు రకాల మనుషులకు మూడు వేర్వేరు క్రియలు, గ్రీకులోనూ అంతే. బుద్ధి చెప్పడం అక్రమంగా నడిచేవారి వంతు. ధైర్యం చెడినవాడికి ఆ మందు వేస్తే గాయం పెద్దదవుతుంది. ఆ పెద్దలకు ఈ వాక్యం చూపించండి, వినయంగానే చూపించండి. వారు కూడా వాక్యాన్ని ప్రేమించేవారే కదా.

"ఊత నియ్యుడి" అన్నచోట ఉన్న గ్రీకు క్రియకు గట్టిగా పట్టుకొని ఉండటం అని అర్థం. ఇదే క్రియ మత్తయి 6:24లో, ఇద్దరు యజమానుల మాటలో వస్తుంది. అక్కడ మన అనువాదకులు దాన్ని "పక్షముగానుండి" అన్నారు.