సూప్ పొయ్యి మీద ఉన్న అరగంట మీరేం చేస్తారు?

ఉప్పుగాలి (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)
అమ్మకి పోయిన నెల పైపళ్లు మొత్తం తీసేశారు. చిగుళ్లు మానాక కట్టుడు పళ్లు. అప్పటిదాకా మెత్తనివే పెట్టాలి. పొద్దున పాలలో నానబెట్టిన ఇడ్లీ, మధ్యాహ్నం గుజ్జుగా కలిపిన పప్పన్నం, రాత్రికి సూప్. నాకు వచ్చిన సూపులు మూడే: టమాటా, ఆనపకాయ, క్యారెట్. పది రోజులకే అమ్మకి మొహం మొత్తేసింది. నిన్న రుచి మారుద్దామని టమాటా సూప్‌లో పాలు పోస్తే విరిగిపోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సూప్ ఉడికినంతసేపూ వంటింట్లోనే ఉండాలి కదా, ఫోన్ చూస్తూ నిలబడేదాన్ని. మొన్న అటక దులుపుతుంటే పాత వైరు కట్టలు బయటపడ్డాయి. నా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మే బుట్టలు అల్లడం నేర్పింది. పొయ్యి పక్కన స్టూల్ వేసుకుని మళ్లీ అల్లుతున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత కూడా వేళ్లకి ముడి గుర్తుంది! అమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది కానీ చెయ్యి పెట్టడం లేదు. ఒకప్పుడు క్రోషియాతో గుమ్మాలకి తోరణాలు, టీవీ మీద కప్పే గుడ్డలు అల్లిన మనిషి. శుక్లాల ఆపరేషన్ అయింది, అయినా సన్న దారం ఆనడం లేదంటుంది.

అందుకని రెండు అడుగుతున్నాను. మీ ఇళ్లలో తేలిగ్గా చేసుకునే సూపులు ఏంటి? అవి ఉడికేలోపు మీ చేతులు ఏం చేస్తుంటాయి?

గాజువాక గరిటె
అక్కా, టమాటాలో పులుపు ఉంటుంది, అందుకే పాలు విరుగుతాయి. చిటికెడు వంటసోడా వెయ్యమని చెప్పేవాళ్లు ఉంటారు. పని చేస్తుంది కానీ రుచి చప్పబడిపోతుంది, నేను వెయ్యను. చల్లటి పాలలో అర చెంచా మొక్కజొన్న పిండి కలిపి, దాన్ని విడిగా కాచి, సూప్ దించేశాక సన్నగా పోస్తూ కలపండి. పిండి ఉంటే పాలు అంత తొందరగా విరగవు. మళ్లీ పొయ్యి ఎక్కించకండి.

అసలు పాలు లేకుండానే చిక్కదనం వస్తుంది. అయిదు టమాటాలకి గుప్పెడు పెసరపప్పు, చిన్న ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు, వేలెడు బీట్‌రూట్ ముక్క వేసి కుక్కర్‌లో మూడు కూతలు రానివ్వండి. రుబ్బి, వడకట్టి, మిరియాల పొడి వేసి ఒక్క పొంగు. రంగు కూడా ఎర్రగా భలే ఉంటుంది.

ఒక జాగ్రత్త. వేడివేడిగా మిక్సీలో పోసి మూత బిగించకండి. లోపల ఆవిరి పట్టి మూత ఎగిరిపోతుంది. నాకు కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది, పదిహేను రోజులు గరిటె పట్టుకోలేకపోయాను. పూర్తిగా చల్లారనివ్వండి. తొందరైతే గిన్నెలోనే పప్పుగుత్తితో మెదిపి జల్లెడ పట్టండి.

రంగులపెట్టె (లాసన్స్ బే కాలనీ)
మీరు అడిగిన రెండో ప్రశ్న నా మనసులోది. నేను నీటిరంగులు వేస్తాను. పొయ్యి సన్నసెగలో పెట్టి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటాను. మొదటి పూత వేశాక కాగితం ఆరాలి, సూప్ ఉడకాలి. రెండిటికీ కాచుకోవాల్సిన సమయం ఒక్కటే, అందుకే ఈ జోడీ నాకు బాగా కుదిరింది.

మన ఊళ్లో నీటిరంగులు మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. జులై నుంచి అక్టోబరు దాకా పూత ఆరడానికి మామూలు కంటే చాలాసేపు పడుతుంది. తడి ఉండగానే రెండోది వేస్తే బురదే. పల్చటి కాగితమైతే అప్పడంలా వంకర తిరుగుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం తీసుకుని నాలుగు వైపులా టేపు వేసి అట్టకి అంటించండి. వాడని కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో మూసి పెట్టండి, లేకపోతే బూజు మచ్చలు వస్తాయి.

ఆదివారం పొద్దున్నే తెన్నేటి పార్కు మెట్ల మీద కూర్చుని వేస్తాను. ఎర్రమట్టి దిబ్బలకి కూడా రెండుసార్లు వెళ్లాను. అక్కడి ఎరుపు ఒక్క రంగుతో రాదు. ఎండ పడినచోట నారింజ, నీడలో దాదాపు వంకాయ రంగు.

సి షిఫ్ట్ (ఉక్కునగరం)
ఒంటరిగా ఉంటాను, ఉద్యోగం షిఫ్టుల్లో. రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చాక గట్టిగా తింటే నిద్ర పట్టదు. ఉలవల సూప్ అలవాటు చేసుకున్నాను. డ్యూటీకి వెళ్లేముందు ఒక గ్లాసు ఉలవలు నానబెడతాను. వచ్చాక అయిదు గ్లాసుల నీళ్లతో కుక్కర్‌లో పది కూతలు. ఆ కట్టు వంపి, జీలకర్ర, వెల్లుల్లి పోపు పెట్టి, కొంచెం చింతపండు రసం. ఇది కృష్ణా, గుంటూరు వైపు కాచే ఉలవచారులా చిక్కగా ఉండదు, తాగేలా ఉంటుంది. మిగిలిన ఉలవలు సాయంత్రం గుగ్గిళ్లు. మీ అమ్మగారికైతే ఆ గింజల్లో గుప్పెడు రుబ్బి కట్టులోనే కలిపెయ్యండి.

ఉడికే ఆ ముప్పావుగంటా అట్టముక్కలతో ఓడలు చేస్తాను. బీచ్‌లో నిలబడితే పోర్టులోకి వెళ్లడానికి ఎదురుచూస్తూ లంగరు వేసిన ఓడలు కనబడతాయి కదా. వాటిని ఫొటో తీసుకుని, కొలతలు అంచనా వేసి, చెప్పుల డబ్బాల అట్టతో కడతాను. ఇప్పటికి ఏడు అయ్యాయి. క్రేన్లున్న ఓడ కట్టడానికి మూడు నెలలు పట్టింది. డ్యూటీ చప్పుడు చెవుల్లోంచి పోవడానికి నాకు ఇంతకంటే మంచి మందు దొరకలేదు.

పెదవాల్తేరు
ఉప్పుగాలి గారూ, మీరు నొచ్చుకోనంటే ఒక మాట చెబుతాను. మా నాన్నగారికి పళ్లు తీసినప్పుడు నేనూ ఇలాగే రెండు నెలలు కూరగాయల సూపులే ఇచ్చాను. చూడ్డానికి గిన్నె నిండా ఉండేది, కడుపు నిండిందనేవారు. నాలుగు కిలోలు తగ్గిపోయారు. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో పప్పు ఏది, గుడ్డు ఏది?" అని. ఆ రోజు నాకు చాలా బాధేసింది. ఆనపకాయ నీళ్లలో బలం ఏముంటుంది? పెద్దవాళ్లకి కండ తొందరగా కరుగుతుంది. మళ్లీ పట్టడం కష్టం.

పెసరపప్పు 100 గ్రాముల్లో దాదాపు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కోడిగుడ్డులో ఆరు. అప్పట్నుంచీ ఏ సూప్ అయినా మనిషికి గుప్పెడు పప్పు వేసి ఉడికిస్తున్నాను. రెండు రోజులకోసారి గుడ్డు గిలక్కొట్టి, మరుగుతున్న సూప్‌లో దారంలా పోస్తూ కలుపుతాను. నిమిషంలో మెత్తటి పీచుల్లా ఉడుకుతుంది, నమలక్కర్లేదు. దించాక చెంచా నెయ్యి. నాన్నగారి బరువు మెల్లగా మళ్లీ వచ్చింది.

బీపీ ఉంటే ఉప్పు చివర్లోనే వెయ్యండి. మొదట్లో వేస్తే మరిగి మరిగి ఉప్పగా అవుతుంది. ప్యాకెట్ పొడులతో చేసే సూపుల్లో ఉప్పు బాగా ఎక్కువ, వాటి జోలికి పోవద్దు.

ఉప్పుగాలి
నొచ్చుకోవడం ఎందుకండీ, మీరు చెప్పకపోతే నాకు తట్టేదే కాదు. అమ్మ జాకెట్లు వదులయ్యాయి. వయసు వల్ల అనుకున్నాను. ఇవాళ్టి నుంచే పప్పు వేస్తున్నాను. అమ్మ గుడ్డు తినదు, చేప తింటుంది.

జాలరిపేట
చేప తింటారా, అయితే వినండమ్మా. హార్బర్‌లో రొయ్యలు కొంటే తలలు పారెయ్యకండి. బాగా కడిగి, ఉల్లిపాయతో నూనెలో ఎర్రగా వేయించి, నీళ్లు పోసి ఇరవై నిమిషాలు ఉడికించి వడకట్టండి. ఆ నీళ్లలో చిన్న బంగాళదుంప, నాలుగు రొయ్యలు వేసి ఉడికించి మెత్తగా రుబ్బితే ఇక వేరే ఏమీ అక్కర్లేదు. కొత్తిమీర, మిరియాలు అంతే. చేప ముళ్లతో చేసినా ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే. ఎక్కువ మరిగితే చేదు తగులుతుంది. రెండుసార్లు వడకట్టండి, పెద్దావిడకి ముల్లు తగలకూడదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు మర పడవలు కదలవు. అప్పుడు మా ఇంట్లో ఎండు రొయ్యలతో కాస్తాం. వాటిలోనే ఉప్పు ఉంటుంది, రుచి చూశాకే వేసుకోవాలి.

మా నాన్న వలలు బాగుచేసే సూదితో నేను ఊయల అల్లాను. వల ముడి ఒక్కటి వస్తే సంచి, ఊయల, పూలకుండీ ఉట్టి అన్నీ వస్తాయి. పొయ్యి దగ్గర కాకుండా గుమ్మంలో కూర్చుని అల్లుతాను, సూప్ వాసనే పిలుస్తుంది.

ఆకుపసరు (సింహాచలం)
మునగాకు మర్చిపోయారేంటి అందరూ? పెసరపప్పు సగం ఉడికాక రెండు గుప్పిళ్ల లేత మునగాకు వేసి, మూత పెట్టకుండా ఎనిమిది నిమిషాలు. ముదురాకు చేదు. మునక్కాడలు ఉడికించి గుజ్జు గీసి కలిపితే ఇంకా బాగుంటుంది. మొక్కజొన్న పిండికి బదులు చోడిపిండి (రాగిపిండి) వాడండి. చల్లటి నీళ్లలోనే కలపాలి, వేడి నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. మిరియాలు పాడేరు వైపువి దొరికితే వదలకండి. అక్కడ కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీదికి పాకిస్తారు. అప్పటికప్పుడు దంచితే ఆ ఘాటే వేరు.

ఇక నా పిచ్చి, రంగులద్దకం. అక్కా, ఉల్లిపొట్టు దాచండి. సూప్ చేసేవాళ్లింట్లో ఉల్లిపొట్టుకి కొదవేంటి! చాలకపోతే రైతుబజారులో ఉల్లిపాయల కొట్టు దగ్గర అడగండి, సంచి నిండా ఇస్తారు. ఎంత నూలుంటే అంత బరువు పొట్టు గంటసేపు ఉడికించి వడకట్టి, ఆ నీళ్లలో నూలు ముంచి సన్నసెగ మీద ఇంకో ముప్పావుగంట, తర్వాత రాత్రంతా అందులోనే వదిలెయ్యాలి. బంగారు రంగు నుంచి తేనె రంగు మధ్య వస్తుంది. నూలు కాబట్టి ముందు కరక్కాయ పొడి నీళ్లలో నానబెట్టి, ఆరాక పటిక నీళ్లలో ముంచాలి, అప్పుడే రంగు పడుతుంది. కలంకారీలో కూడా గుడ్డని ముందు కరక్కాయలోనే నానబెడతారు. బీట్‌రూట్ నీళ్లు చూసి మోసపోకండి, నాలుగు ఉతుకులకి పోతుంది.

లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక ఊరు వెళ్లి చూస్తే ఈ పిచ్చి ఇంకా ముదురుతుంది. అంకుడు కర్రని తిరిగే లేత్ యంత్రం మీద పెట్టి, గింజలు, బెరళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కని ఒత్తిపడతారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది.

మీ అమ్మగారి సంగతి: సన్న దారం వద్దు. 5 మిల్లీమీటర్ల క్రోషియా కొక్కెం, లావు నూలు ఇవ్వండి. ఒళ్లో ముదురు రంగు తువ్వాలు పరిచి లేతరంగు నూలు అల్లమనండి, గళ్లు కనబడతాయి. స్టీలు కొక్కెం మన ఉప్పుగాలికి తుప్పు పట్టి తెల్ల నూలుకి మరకలు చేస్తుంది, అల్యూమినియం గానీ వెదురు గానీ తీసుకోండి.

మూడో అంతస్తు (అక్కయ్యపాలెం)
రంగులపెట్టె గారూ, ఎర్రమట్టి దిబ్బల మట్టినే రంగుగా వాడొచ్చా? తెచ్చుకుందామనుకుంటున్నాను.

రంగులపెట్టె
దయచేసి తేవద్దండీ. అది జాతీయ భూవారసత్వ స్థలం, వేల ఏళ్లుగా గాలికీ అలలకీ ఏర్పడినది. ఒక్కొక్కరు ఒక్కో డబ్బా తెచ్చుకుంటే ఏం మిగులుతుంది? పూజాసామాగ్రి కొట్లలో జేగురు దొరుకుతుంది. మెత్తగా నూరి నీళ్లలో కలిపి, ఇసుక అడుక్కి దిగాక పైనున్న ఎర్రనీళ్లు వేరే పళ్లెంలోకి వంచి, వాటిని ఆరబెట్టండి. తుమ్మజిగురు కలిపితే చక్కటి నీటిరంగు. మా అమ్మమ్మ గడపకి పూసే ఎరుపే ఇప్పుడు నా బొమ్మల్లో ఉంది.

ఉప్పుగాలి
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. మునగాకు, పెసరపప్పు సూప్ అమ్మకి బాగా పట్టింది. రొయ్య తలల సూప్ రోజు రెండోసారి అడిగి పోయించుకుంది. ఉలవలది మాత్రం వద్దంది, కడుపుబ్బరం చేసిందట.

ఉల్లిపొట్టు నేను మూల కవర్లో వేస్తుంటే అమ్మ చూసి, "మట్టి పొట్టు కలపకు, రంగు మాసిపోతుంది" అంది. ఎలా తెలుసంటే, వాళ్ల నాయనమ్మ వలలకి చెట్టు బెరడు కాచి రంగు పట్టించేదట. ఇన్నేళ్లలో ఆ కబురు ఎప్పుడూ చెప్పలేదు. పొట్టు ఏరింది, నూలు చిలపలు చుట్టింది. నిన్న ఆరేస్తే తేనె రంగు! ఇవాళ నల్ల తువ్వాలు వేసుకుని గొలుసు మొదలుపెట్టింది. నాలుగు వరుసలు అల్లి, మూడు విప్పేసింది. సూప్ గిన్నె కింద వేసే గుండ్రటి చాప అవుతుందట.

ఆకుపసరు గారూ, పటిక నేను కళ్లంచనాగా వేశాను. రెండో విడతకి లెక్క చెప్పండి. అమ్మ అడుగుతోంది.

ఆకుపసరు
100 గ్రాముల నూలుకి 15 గ్రాముల పటిక. వేడి నీళ్లలో కరిగించి, చల్లారాక ముంచండి. రంగు గిన్నె వంటకి వాడొద్దు, దానికి వేరే పాత గిన్నె పెట్టుకోండి. చాప పూర్తయ్యాక ఫొటో పెట్టమనండి అమ్మగారిని.