మల్టీమీటర్‌తో వెలగని ఎల్‌ఈడీ పాడైనట్లేనా?

ప్రశ్న:
పాత సర్క్యూట్ బోర్డుల నుంచి ఊడదీసిన ఎల్‌ఈడీలు నా దగ్గర చాలా ఉన్నాయి. మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి చూస్తే ఎరుపువి మసకగానైనా వెలుగుతున్నాయి గానీ, నీలం, తెలుపు రంగులవి ప్రోబ్‌లను ఎటు మార్చి పెట్టినా వెలగడం లేదు. తెరపై ఓఎల్ (కరెంటు పారడం లేదనే సూచన) అనే వస్తోంది. ఇవన్నీ పాడైపోయినట్లేనా? ఎల్‌ఈడీకి హాని కలగకుండా తేల్చుకునే సులువైన పద్ధతి ఉంటే దయచేసి తెలపండి.

జవాబు 1:
అప్పుడే పారేయకండి. ఎరుపు ఎల్‌ఈడీకి సుమారు 1.8 నుంచి 2 వోల్టులు చాలు, నీలం, తెలుపు ఎల్‌ఈడీలకు దాదాపు 3 వోల్టులు కావాలి. చాలా మీటర్లు డయోడ్ మోడ్‌లో అంత వోల్టేజీ ఇవ్వలేవు కాబట్టి, ఈ రంగుల విషయంలో ఓఎల్ వచ్చినంత మాత్రాన ఏదీ రుజువు కాదు. అదే ఎరుపు ఎల్‌ఈడీ రెండు వైపులా ఓఎల్ చూపిస్తే లోపల తెగిపోయిందనీ, రెండు వైపులా సున్నాకు దగ్గరగా చూపిస్తే షార్ట్ అయిందనీ దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

మీ అవసరానికి సీఆర్ 2032 బటన్ సెల్ చాలు. ప్లస్ గుర్తున్న ముఖానికి పొడవు కాలు, రెండో ముఖానికి పొట్టి కాలు ఆనేలా సెల్‌ను రెండు కాళ్ల మధ్యకు జరపండి. సెల్ అంతర్గత నిరోధమే కరెంటును అదుపులో ఉంచుతుంది గనుక క్షణకాలం తాకిస్తే ప్రమాదం ఉండదు. సెల్ మాత్రం కొత్తదై ఉండాలి. వాడేసిన సెల్‌తో చూస్తే నీలం, తెలుపు ఎల్‌ఈడీల విషయంలో మళ్లీ ఇదే సందేహం మిగులుతుంది.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. అయితే బోర్డు నుంచి తీసిన ఎల్‌ఈడీల కాళ్లు సాధారణంగా సమానంగా కత్తిరించి ఉంటాయి కాబట్టి పొడవును నమ్ముకోలేము. గుండ్రటి రకమైతే అడుగు అంచును వేలితో తడిమి చూడండి. చదునుగా తగిలే వైపు కాలే క్యాథోడ్, అంటే మైనస్. అదీ తెలియకపోతే బటన్ సెల్‌కు రెండు విధాలా తాకించి చూడవచ్చు. చాలా ఎల్‌ఈడీలు 5 వోల్టుల వరకు ఎదురు వోల్టేజీని తట్టుకుంటాయి, సెల్ ఇచ్చేది 3 మాత్రమే.

పూర్తి వెలుగు చూడాలనుకుంటే 9 వోల్టుల బ్యాటరీకి సిరీస్‌లో 1000 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. తెల్ల ఎల్‌ఈడీ గుండా సుమారు 6 మిల్లీ ఆంపియర్లు, ఎర్రదాని గుండా సుమారు 7 ప్రవహిస్తాయి. పరీక్షకు ఇది ధారాళంగా సరిపోతుంది. రెసిస్టర్ లేకుండా ఈ బ్యాటరీని నేరుగా కలిపితే మంచి ఎల్‌ఈడీ కూడా చూస్తుండగానే మాడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. కొత్త సెల్‌తో చాలావరకు వెలిగాయి. ఒకటి మాత్రం కాలును కొద్దిగా వంచినప్పుడు వెలిగి, వదిలితే ఆరిపోతోంది. రిమోట్‌లోంచి తీసిన మరొకటి అసలు వెలగడమే లేదు.

జవాబు 1:
మొదటిదానిలో చిప్‌ను కాలితో కలిపే సన్నని తీగ సడలి ఉంటుంది. దానిని మాత్రం నిస్సందేహంగా పక్కన పెట్టేయండి. ఇప్పుడు వెలిగినా బోర్డులో ఎక్కాక వేడికి మళ్లీ ఆగిపోవచ్చు. రెండవది ఇన్‌ఫ్రారెడ్ రకం కాబట్టి దాని వెలుగు కంటికి కనబడదు. సెల్‌కు తాకించి ఉంచి ఫోన్ కెమెరాలోంచి చూడండి. పనిచేస్తుంటే లేత ఊదా రంగు చుక్క కనిపిస్తుంది. కొన్ని ఫోన్ల వెనుక కెమెరాలు ఈ కాంతిని వడకట్టేస్తాయి, అందుకే ముందు కెమెరాతో కూడా చూశాకే నిర్ణయానికి రండి.