అమెరికాలో అడుగులు, అంగుళాలు, మైళ్ళు: తిరుపతి నుంచి కొత్తగా వచ్చినవారి ప్రశ్న

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. ఉద్యోగరీత్యా ఈ మధ్యనే కుటుంబంతో డాలస్ చేరుకున్నాము. ఇల్లు చూపించేవారు, దుకాణాలవారు, దారి చెప్పేవారు అందరూ అడుగులు, గజాలు, మైళ్ళలోనే మాట్లాడుతున్నారు. ప్రతిదాన్నీ ఫోనులో మీటర్లలోకి మార్చి చూసుకోవడం విసుగ్గా ఉంది. దేవుడి పటాలు పెట్టుకోవడానికి గోడకు ఒక చెక్క అర బిగించాలని అనుకుంటున్నాము గానీ, ఇక్కడి చెక్కల కొలతలు బొత్తిగా అర్థం కావడం లేదు. అనుభవం ఉన్న పెద్దలు దయచేసి తెలుపగలరు.

జవాబు

నమస్కారమండీ. మాది చిత్తూరు. ముందుగా ఆ మీటర్లలోకి మార్చడం మానేయండి. తిరుపతిలో పెరిగినవారికి అడుగూ అంగుళమూ కొత్తవి కావు. మన దేశంలో 1956 నాటి చట్టాన్ని అనుసరించి 1958 నుంచి మెట్రిక్ కొలతలు దశలవారీగా అమలులోకి వచ్చాయి. రోడ్లూ బట్టల కొట్లూ మీటరుకు మారాయి గానీ ఇళ్ళూ స్థలాలూ మారలేదు. తిరుచానూరు వైపు స్థలం ధర అడిగితే ఈ రోజుకీ అంకణాల్లోనో, సెంట్లలోనో, గజాల్లోనో చెబుతారు. మేస్త్రీ గదిని పది బై పన్నెండు అంటాడు. దర్జీ నడుము కొలతను అంగుళాల్లోనే రాసుకుంటాడు. ఇక్కడ 1975లో మెట్రిక్ చట్టం చేశారు కానీ దాన్ని ఎవరి ఇష్టానికి వారికి వదిలేశారు కనుక పాత కొలతలే నిలిచాయి. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా వంటి దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం గజం సరిగ్గా 0.9144 మీటర్లు, అంగుళం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు. కాబట్టి ఇంటి నుంచి తెచ్చుకున్న టేపు మీద ఉన్న అంగుళాన్ని నిశ్చింతగా నమ్మవచ్చు.

ఎకరం కూడా రెండు చోట్లా ఒకటే, 43,560 చదరపు అడుగులు. మన సెంటు అందులో నూరో వంతు కదా, అందుచేత ఇక్కడ ఇంటి ప్రకటనలో స్థలం 0.25 ఎకరం అని ఉంటే ఇరవై అయిదు సెంట్లని చదువుకోవడమే. అంకణాన్ని మాత్రం ఈ లెక్కల్లోకి తీసుకురాకండి. అది మన దగ్గరే ఊరిని బట్టి మారుతుంది.

మీరు కొత్తగా అలవాటు చేసుకోవలసినవి భిన్నాలు. ఇక్కడి టేపులో చాలావరకు సెంటీమీటర్లు ఉండవు. అంగుళాన్ని సగం, పావు, ఎనిమిదో వంతు, పదహారో వంతుగా గీతలు చిన్నవి చేస్తూ పోతారు. మన వైపు మేస్త్రీలు, వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు. ఆ లెక్క వచ్చినవారికి ఈ టేపు చదవడం పెద్ద పని కాదు; పదహారో వంతంటే అర నూలు, అంతే. ఇక్కడి కాంక్రీటు కమ్మీల నంబర్లు కూడా నూళ్ళ లెక్కే: మూడో నంబరు కమ్మీ మూడు నూళ్ళు, నాలుగో నంబరు కమ్మీ నాలుగు నూళ్ళు, అంటే అర అంగుళం.

ఇక దేవుడి పటాల చెక్క అర సంగతి. మన ఇటుక గోడలో మేకు ఎక్కడ కొట్టినా నిలుస్తుంది. ఇక్కడి గోడ సాధారణంగా అర అంగుళం మందమున్న జిప్సం పలక, దాని వెనుక నిలువు చెక్కలు. బరువు ఆ చెక్కల మీద పడాలి. అవి ఎక్కువగా నడుమ నుంచి నడుమకు 16 అంగుళాల ఎడంలో ఉంటాయి కనుకనే టేపు మీద 16, 32, 48 అంకెల దగ్గర ప్రత్యేకమైన గుర్తు, చాలా టేపుల్లో ఎరుపు రంగులో, కనిపిస్తుంది. మొదటి చెక్కను తట్టి చూసో, దాన్ని పసిగట్టే చిన్న పరికరంతోనో పట్టుకుంటే మిగతావి ఆ గుర్తుల ప్రకారం దొరుకుతాయి. అరను అరవై సెంటీమీటర్లకని కోయించారంటే దాని రెండు కొసలూ చెక్కల మీదికి రావు. 32 అంగుళాల ఎడంలో రెండు బ్రాకెట్లు బిగించి, అరను 36 అంగుళాలకు కోయించడం మేలు. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి తీసుకోండి. దుకాణంలో రెండు బై నాలుగు అని అమ్మే చెక్క చేతికి వచ్చేసరికి ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే ఉంటుంది. ఆ పేరు చిత్రిక పట్టక ముందరి కొలతది, దుకాణంవారు మోసం చేసినట్లు కాదు. పేరును నమ్మి గీతలు గీయకుండా చెక్కనే కొలుచుకోండి.

దరఖాస్తుల్లో ఎత్తు రాసేటప్పుడు జాగ్రత్త. మన దగ్గర అయిదడుగుల ఏడంగుళాలను 5.7 అని రాసే అలవాటు ఉంది. దశాంశంగా చదివితే అది అయిదడుగుల ఎనిమిది అంగుళాల పైచిలుకు అవుతుంది. అడుగులకు ఒక గడి, అంగుళాలకు ఒక గడి ఉంటే విడివిడిగానే నింపండి.

రోడ్డు మీద అయిదు మైళ్ళు ఎనిమిది కిలోమీటర్లని గుర్తుంటే చాలు. తిరుపతి నుంచి చిత్తూరు డెబ్బై కిలోమీటర్లు, అంటే నలభై నాలుగు మైళ్ళకు కాస్త అటూ ఇటూ. అలిపిరి మెట్ల దారి తొమ్మిది కిలోమీటర్లు, అయిదున్నర మైళ్ళు. వేగ పరిమితి బోర్డు మీద 65 అని ఉంటే అది మైళ్ళే, మన లెక్కలో గంటకు దాదాపు 105 కిలోమీటర్లు. మీ రాష్ట్రంలో పెద్ద రహదారుల నుంచి దిగే దారుల నంబర్లు మైళ్ళను బట్టి వేసినవి కనుక, ఒకే రహదారి మీద 40వ నంబరు దాటి 52లో దిగాలంటే ఇంకా పన్నెండు మైళ్ళుందని తీసివేతతోనే తెలిసిపోతుంది. కారులో కెనడా వెళ్తే మాత్రం సరిహద్దు దాటగానే బోర్డులు కిలోమీటర్లలోకి మారతాయి. మన పెద్దలు ఇంకా వాడే ఫర్లాంగు ఇక్కడ గుర్రప్పందేల్లో తప్ప వినబడదు.

మరొక సభ్యురాలి జవాబు

అన్నగారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. బట్టల కొట్టులో గజమంటే 36 అంగుళాలు, మీటరు కంటే మూడు అంగుళాలకు పైగా తక్కువ. మన ఊళ్ళో దర్జీ మీటరు రవికె గుడ్డ చాలునని చెప్పి ఉంటే ఇక్కడ గజంపావు కోయించుకోండి. పూల మాటకొస్తే, తిరుపతిలో పూలమ్మే ఆమె మోచేతి నుంచి వేలి కొస దాకా మూర వేసి తెంపుతుంది, ఎవరి చేయి పొడవు వారిది. ఇక్కడ మాల కట్టించుకునేటప్పుడు మూరకు అడుగున్నర చొప్పున లెక్క కట్టి అడుగుల్లో చెబితే పేచీ ఉండదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంటి నుంచి పెద్ద మంచానికి వేసే దుప్పట్లు తెచ్చుకున్నాము. వాటికి సరిపడే పరుపు ఇక్కడ ఏ పేరుతో అడగాలి?

చిత్తూరువారి జవాబు

మన పెద్ద పరుపు సాధారణంగా 72 బై 78 అంగుళాలు ఉంటుంది. ఇక్కడ క్వీన్ అనేది 60 బై 80, కింగ్ అనేది 76 బై 80. పరచుకునే దుప్పట్లయితే క్వీన్ తీసుకోండి, పక్కలకు బాగా దిగుతాయి. మూలలకు సాగే పట్టీ ఉన్నవయితే రెండింటికీ సరిపోవు. వాటిని పక్కన పెట్టి ఇక్కడే కొనుక్కోండి.