రిస్క్-ఫైవ్ ప్యాచ్‌లో లిబ్‌అటామిక్ చెక్ ఎలా ఉండాలి?

నా చిన్న సీ లైబ్రరీకి 64 బిట్ రిస్క్-ఫైవ్ (ఒక ప్రాసెసర్ రకం) సపోర్ట్ ఇస్తూ ఒక ప్యాచ్ (కోడ్ మార్పుల ప్రతిపాదన) వచ్చింది. రివ్యూలో ఇరుక్కుపోయాను. అందులో రెండు మార్పులున్నాయి. మొదటిది, మెషీన్ రకాన్ని గుర్తించే, 2012 నాటి కాన్ఫిగ్.గెస్, కాన్ఫిగ్.సబ్ ఫైళ్లను కొత్తవాటితో మార్చడం. పాతవాటికి ఈ ప్రాసెసర్ పేరే తెలియదు కాబట్టి దాంతో పేచీ లేదు. రెండోది, కాన్ఫిగర్.ఏసీలో (బిల్డ్‌కు ముందు జరిగే చెక్‌లు రాసే ఫైల్) హోస్ట్ పేరు, అంటే ప్రోగ్రామ్ నడిచే మెషీన్ పేరు, రిస్క్-ఫైవ్ అయితే చాలు, లిబ్‌అటామిక్‌ను (అటామిక్, అంటే మధ్యలో మరో థ్రెడ్ అడ్డురాని ఆపరేషన్ల ఫంక్షన్లున్న లైబ్రరీ) లింక్ చేయడం. ఇదే నాకు నచ్చలేదు.

క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో బిల్డ్ చేసి చూశాను. ప్యాచ్ లేకుండా జీసీసీ 12 కంపైలర్‌తో చివరి లింక్ దగ్గర ఆగిపోతోంది: ఒక బైట్ కంపేర్-ఎక్స్‌ఛేంజ్ (విలువను పోల్చి, సరిపోతే మార్చే) ఫంక్షన్ దొరకలేదట. జీసీసీ 13లో అదే కోడ్ ఏ ఫ్లాగూ లేకుండా బిల్డ్ అయింది.

పేరు చూసే చెక్ తీసేసి, 4 బైట్ల ఇంట్ వేరియబుల్‌తో లింక్ టెస్ట్ రాశాను: ఒక చిన్న ప్రోగ్రామ్ లింక్ కాకపోతేనే లిబ్‌అటామిక్ జోడించేలా. జీసీసీ 12లోనూ అది పాసైపోయింది, ఆ తర్వాత అసలు బిల్డ్ మళ్లీ అక్కడే ఫెయిలైంది. 4 బైట్లకు ప్రాసెసర్‌లోనే ఇన్‌స్ట్రక్షన్లు ఉంటాయి కదా, అందుకే కావచ్చు. నా కోడ్‌లో 1 బైట్, 2 బైట్ల అటామిక్‌లు రెండూ ఉన్నాయి.

లింక్ టెస్ట్‌లో ఒక బైట్ కంపేర్-ఎక్స్‌ఛేంజ్ ఒక్కటి పెడితే సరిపోతుందా, లేక 2 బైట్లకు కూడా విడిగా రాయాలా?