కార్తీక వనభోజనం, కిర్‌స్టెన్‌బాష్ నడక: హాలు రద్దయింది, అందరూ వెంటనే చూడగలరు

సెంచురీ సిటీ నుంచి:
అందరికీ నమస్కారం. కేప్‌టౌన్‌లోని మన తెలుగు సంఘం కార్తీక వనభోజనం, టేబుల్ మౌంటెన్ కొండవాలున ఉన్న కిర్‌స్టెన్‌బాష్ వృక్షోద్యానం నుంచి నడక నవంబరు 16, ఆదివారం నాడు. ఆ కార్యక్రమానికి వ్యవధి తక్కువగా ఉన్నందున మిగిలిన పనులను ఇక్కడ రాస్తున్నాను. నడక దారిని ఖరారు చేయాలి, పిల్లల పాటలకు స్పీకరు తేవాలి, క్రికెట్ సామాను ఎవరింట్లో ఉందో తేల్చాలి, తంబోలా బహుమతులు కొనాలి, దాతల పేర్లతో బ్యానరు అచ్చు వేయించాలి, దీపాలకు ఒత్తులూ నువ్వుల నూనే సమకూర్చుకోవాలి. ఎవరు ఏ పని తీసుకుంటారో శుక్రవారంలోగా తెలియజేయండి. అయితే వీటన్నిటికంటే ముందు చూడవలసిన విషయం మరొకటి ఉంది. నడక ముగిశాక భోజనాలకూ, సాయంత్రం దీపాలకూ మనం అడ్వాన్సు కట్టిన హాలు వారు, పైకప్పు మరమ్మతుల వల్ల ఆ వారమంతా హాలు ఎవరికీ ఇవ్వలేమని నిన్న రాత్రి ఉత్తరం పంపారు. కట్టిన డబ్బు తిరిగి రావడానికి నెల రోజులు పడుతుందట.

బెల్‌విల్ నుంచి:
ఆ అడ్వాన్సు మన చేతిలో ఉన్న సొమ్ములో మూడింట రెండు వంతులని అందరూ గమనించాలి. రద్దు షరతులను రసీదు మీద రాయించుకోవాలని నేను ఆగస్టు సమావేశంలోనే అన్నాను. అప్పుడు నన్ను పిసినారి అన్నవారు ఇప్పుడు ఇంకో హాలు వెతుకుదామంటే, దానికి కట్టడానికి సంఘం ఖాతాలో డబ్బు లేదు.

మిల్నర్టన్ నుంచి:
ఖాతా సంగతి తరువాత చూద్దాం. అరవై రెండు మందికి సాంబారు, గుత్తి వంకాయ, వేడి అన్నం అని నలుగురం కూర్చుని జాబితా రాసుకున్నాం, పప్పులూ చింతపండూ రైలాండ్స్ దుకాణంలో కొనేశాం. వంటగది లేకుండా ఆ వంట ఎక్కడ చేయాలి? ప్రతి ఏడూ ఆఖరి వారంలో ఏదో ఒకటి తలకిందులై చివరికి అది మా పొయ్యి మీదికే వచ్చి కూర్చుంటుంది.

రోండెబాష్ నుంచి:
వదిన గారూ, హాలు మాటే మరిచిపోయి భోజనాలు తోటలోనే పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. మనం నడిచేది ఎలాగూ కిర్‌స్టెన్‌బాష్ నుంచే మొదలై అక్కడికే తిరిగి వస్తుంది. అక్కడి పచ్చికలో ఇంటి నుంచి తెచ్చుకున్నది కూర్చుని తినడానికి అభ్యంతరం లేదు. అసలు వనభోజనం అని పేరు పెట్టుకుని నాలుగు గోడల మధ్య బల్లలు వేసుకుని తినడం నాకు మొదటి నుంచీ వింతగానే ఉంది.

బెల్‌విల్ నుంచి:
తోట గేటు దగ్గర తలకొక టికెట్టు ఉంది కదా? పైగా ఇక్కడి గుర్తింపు కార్డు ఉన్నవారికి ఒక ధర, బయటి దేశాల నుంచి వచ్చినవారికి అంతకంటే ఎక్కువ ధర. ఈసారి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలే పద్నాలుగు మంది ఉన్నారు. వారి టికెట్లు ఎవరు కొనాలి?

మిల్నర్టన్ నుంచి:
టికెట్టు కంటే పెద్ద అడ్డంకి నిప్పు. తోటలో పొయ్యి వెలిగించనివ్వరు, దీపం వెలిగించనివ్వరు. పోనీ ఉసిరి చెట్టు నీడ అయినా ఉందా అంటే అదీ లేదు. దీపం లేక, ఉసిరి లేక, వేడి అన్నం లేక అది కార్తీకం ఎలా అవుతుంది? నడక బృందం వారికి కొండ ఎక్కితే చాలు కాబట్టి పండుగను కూడా అక్కడికే మోసుకుపోతామంటున్నారు. పోయినసారి కూడా ఇంతే జరిగింది, నేను వివరంగా రాయదలుచుకోలేదు.

రోండెబాష్ నుంచి:
రాయకపోయినా అర్థమైంది. నిప్పు వద్దనడం ఆ తోటవారి చాదస్తం కాదు. 2021 ఏప్రిల్ 18న ఈ కొండవాలు అంటుకుని, ఆ మంటలు కింద కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం దాకా దిగి జాగర్ గ్రంథాలయం చదువుగదిని కాల్చేశాయి. ఆ రోజు మా వీధిలో బూడిద రాలింది, ఏ క్షణాన ఇల్లు వదలాలోనని పిల్లల పాస్‌పోర్టులు సంచిలో పెట్టుకుని కూర్చున్నాం. ఆ వాలు మీద పెరిగే ఫైన్‌బాస్ అనే ఇక్కడి పొదలు వేసవిలో ఎండుకట్టెల్లా మండుతాయి, వాటికి తోడు ఆగ్నేయపు గాలి. అక్కడ అరవై ప్రమిదలు వెలిగిద్దామనే మాట సరదాకు కూడా అనకండి.

మిల్నర్టన్ నుంచి:
అక్కడ వెలిగిద్దామని నేను ఎక్కడ అన్నాను? రాసింది సరిగ్గా చదవకుండా పాఠం చెప్పకండి. వంట బాధ్యత నుంచి నేను తప్పుకుంటున్నాను, కొన్న సామాను ఎవరికి అప్పగించాలో చెప్పండి.

క్లేర్‌మాంట్ నుంచి:
అమ్మా, బాబూ, ఇద్దరూ కాస్త ఆగండి. నవంబరు మధ్యలో ఇక్కడ పొద్దు గుంకేది ఏడున్నరకు, తోట తలుపులు మూసేది ఏడింటికి. అంటే ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, సంధ్యాదీపం ఆ తోటలో పెట్టడం కుదరని పని. ఊళ్లో కార్తీకమంటే చలికాలం, ఐదున్నరకే చీకటి పడుతుంది. ఇక్కడ అది వేసవి ముంగిట వస్తుంది కాబట్టి ఒకే చోట ఒకే పూట రెండూ జరపాలన్న పట్టుదలను వదులుకుందాం. భోజనం తోటలో, దీపం మరో చోట. ఇక ఉసిరి సంగతి. ఆ తోట 1913లో ఏర్పడిన నాటి నుంచి దక్షిణాఫ్రికా మొక్కలకే అంకితమైనది, అందులో ఉసిరిని వెతకడం దండగ. కాని అంతకు ముందే, 1898లో, ఒకప్పటి కేప్ కాలనీ ప్రధాని సెసిల్ రోడ్స్ నాటించిన కర్పూర చెట్ల బాట ఒకటి ఇప్పటికీ ఉంది. రాలిన ఆకును నలిపి వాసన చూడండి, హారతి పళ్లెం గుర్తుకు రాకపోతే నన్నడగండి. ఆ దగ్గరలో పచ్చిక మీద చాపలు పరిచి, మా ఇంట్లో ఉన్న ఎండు ఉసిరికాయలను ఆకులో పెట్టుకుని గోవిందా అందాం. ఊళ్లోనైనా చెట్టు దొరకని చోట కొమ్మో కాయో పెట్టుకునే కదా కానిచ్చేది.

పైన్‌లాండ్స్ నుంచి:
నమస్కారం. నేను తెలుగు నెమ్మదిగా రాస్తాను, తప్పులు ఉంటే మన్నించండి. మా ముత్తాత నాటాల్ చెరుకు తోటలకు వచ్చినవారు. డర్బన్‌లో మా అమ్మమ్మ పెరట్లో, గాలి తగలకుండా గోడ పక్కన, ఇసుక పోసిన రేకు పళ్లెంలో ప్రమిదలు పెట్టేది. మా పెరటికి మూడు వైపులా గోడ ఉంది, నీళ్ల పైపు పక్కనే ఉంది. అందరూ సాయంత్రం ఏడు గంటలకు మా ఇంటికి రండి. నాకు బ్యానరు, మైకు ఏమీ అక్కర్లేదు.

సెంచురీ సిటీ నుంచి:
అత్తయ్య గారూ, మీరు ఇంత మాట అన్నాక వేరే చోటు వెతకవలసిన అవసరమే లేదు. కార్లను వీధికి ఒకే పక్కన ఆపేటట్టు నేను చూసుకుంటాను.

మిల్నర్టన్ నుంచి:
సాంబారు మాట వదిలేయండి. చల్లారినా రుచి చెడనివే చేయాలి కాబట్టి పులిహోర, దద్దోజనం, చెక్కలు, బెల్లం అరిసెలు చాలు. కొన్న చింతపండు పులిహోరకు సరిపోతుంది. అన్నాన్ని శనివారం రాత్రే వార్చి, శుభ్రమైన గుడ్డ మీద పలుకు విడివిడిగా ఆరబెట్టి పులుసు కలిపితే మధ్యాహ్నానికి ఉప్పూ పులుపూ పట్టి ఇంకా బాగుంటుంది. దద్దోజనం మాత్రం ఆదివారం తెల్లవారుజామునే చేయాలి: మెత్తగా మెదిపిన అన్నంలో కాచిన పాలు ఎక్కువగా, పెరుగు రెండు గరిటెలు మాత్రమే వేయాలి, లేకపోతే ఎండకు పులిసి ముద్ద నోట్లో పెట్టలేము. పచ్చిక మీద తిరిగే ఈజిప్టు బాతులూ గినీకోళ్లూ చేతిలోది లాక్కుపోతాయి, అందుకని గిన్నెల దగ్గర ఒక మనిషి కదలకుండా కూర్చోవాలి.

బెల్‌విల్ నుంచి:
టికెట్ల సంగతి ఇలా అనుకుంటున్నాను. ఇక్కడివారు ఎవరి టికెట్టు వారే కొనుక్కోవాలి. ఊరి నుంచి వచ్చిన పెద్దల టికెట్లు సంఘం కొంటుంది. దానికి ఖాతాలో మిగిలింది కొంచెం చాలదు, ఆ కొరత నేను వేస్తాను, అడ్వాన్సు తిరిగి వచ్చాక తీసుకుంటాను. దీని మీద చర్చ అక్కర్లేదు.

రోండెబాష్ నుంచి:
భోజనం పన్నెండున్నరకు కాబట్టి నేను కూడా దారిని మార్చాను. స్కెలిటన్ గార్జ్ అనే ఇరుకు లోయలో నిచ్చెనల మీదుగా పైదాకా ఎక్కి, 1904 నాటి హెలీ హచిన్సన్ జలాశయం చూసి నర్సరీ రవీన్ అనే పక్క లోయ గుండా దిగే పెద్ద చుట్టు ఈసారి వద్దు; ఆ నిచ్చెనల దగ్గర పిల్లలను ఒక్కొక్కరినే ఎక్కించాలి, తడి రాళ్ల మీద కాలు నిలవదు, మధ్యాహ్నానికి కిందికి చేరలేము. అందరం తోట ఎగువ నుంచి స్కెలిటన్ గార్జ్ అడుగు భాగం దాకా అడవిలో ఎక్కి, నిచ్చెనల వైపు పోకుండా కొండవాలు వెంట అడ్డంగా సాగే కాంటూర్ బాట మీద ఎడమకు తిరిగి, నర్సరీ రవీన్ దగ్గర మళ్లీ తోటలోకి దిగుదాం. దిగేచోట వెండి ఆకుల చెట్లూ ప్రోటియా పూల పొదలూ ఉంటాయి, ఫొటోలు అక్కడ తీసుకోండి. మధ్యస్థమైన దారే అయినా మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు క్లేర్‌మాంట్ మాస్టారు గారితో కర్పూర చెట్ల దగ్గరే ఉండడం మంచిది. ఎనిమిదింటికి గేటు తెరవగానే టికెట్లు తీసుకుని, ఎనిమిదిన్నరకు బయలుదేరాలి. శనివారం రాత్రి గాలి సూచన చూసి ఇక్కడే రాస్తాను. కొండ మీద తెల్లని మబ్బు పరుచుకుని కనబడితే కాంటూర్ బాటను కూడా సగంలోనే ఆపి వెనుదిరుగుతాం, అప్పుడు ఎవరూ వాదించకూడదు. వదిన గారూ, గిన్నెల దగ్గర కాపలాకు మా అబ్బాయి కూర్చుంటాడు.

మిల్నర్టన్ నుంచి:
సరే. వాడికి అరిసెలు రెండు ముందే ఇస్తాను, లేకపోతే బాతుల కంటే వాడే ప్రమాదం. ఒక చిక్కు మిగిలింది: పులిహోర గుండిగ మా కారు డిక్కీలో పట్టదు. బక్కీ (వెనుక సామాను తొట్టి ఉండే బండి) ఉన్నవారు ఎవరైనా ఆదివారం ఏడింటికల్లా మా ఇంటికి రాగలరా?

బెల్‌విల్ నుంచి:
నేను వస్తాను. తాళ్లు నా దగ్గర ఉన్నాయి, మూత మీద గుడ్డ మాత్రం మీరే గట్టిగా కట్టి ఉంచండి.